కర్రగుడి

ప్రెస్బిటేరియన్ అనే మాటకి
కాశీబుగ్గలో ఎవరి నోరూ తిరగలేదు.
కర్రగుడి అన్నారు, అంతే.
పోనుపోను దొర కూడా అలాగే అన్నాడట,
ర మీద నాలుక జారుతుంటే.

మహేంద్రగిరి కింద కొట్టిన గుగ్గిలం మానులు
నలభై రెండు బళ్లు, అనేది మా అత్త రాహేలు.
పదిహేడే, అనేవాడు ఆమె తమ్ముడు యోనా.
ఇద్దరూ పోయారు, లెక్క తేలలేదు.
ఒక్క సంగతిలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట:
పేటలో గుడికి రాయి ముట్టమని
మేస్త్రీలంతా తువ్వాళ్లు దులుపుకొని లేచిపోతే
వడ్రంగి బుడ్డయ్య ఒక్కడే
అరుగు దిగకుండా కూకున్నాడని,
"కర్రకైతే నానున్నాను కదేటి" అన్నాడని.

అందుకే అది కర్రగుడి.
దొరల దేశంలో అలా కడతారని కాదు.

గంట రాలేదు.
ఓడలో మునిగిందో, అసలు ఓడెక్కనే లేదో.
రెండేళ్లు చూసి చూసి
పలాస టేసన్లో గ్యాంగుమేను సింహాద్రి
మూరెడు పట్టా ముక్క తెచ్చి దూలానికి వేలాడగట్టాడు.
అతను ఏనాడూ లోపలికి రాలేదు,
ఏడాదికోసారి సింహాచలం పోయేవాడు.
ఆదివారం మోగింది మాత్రం అతని ఇనుమే.

తరవాత దొరలు ఓడెక్కిపోయారు.
తరవాత పెద్దలు రెండు జట్లయ్యారు,
రెండు తాళాలు, ఒక కోర్టు.
పదహారేళ్లు
గబ్బిలాలు తలకిందులుగా ప్రార్థన చేశాయి.
కోర్టు ఖర్చులకి అద్దెకిచ్చారు, జీడి బట్టీకి.

నేను పద్నాలుగేళ్లకి పనిలో చేరాను.
బల్ల ఉండే చోట కాటా.
దాని మీద షావుకారు అట్టాడ కామేశం
గుండ్లు వేరు, బద్దలు వేరు తూచేవాడు.
ఆడాళ్లం పదిమందిమి
మా అత్త పెళ్లికి మోకరించిన చోటే
గొంతుక్కూచుని పిక్కలు కొట్టేవాళ్లం.
పిక్క నూనె చర్మం తింటుంది.
బూడిదలో చేతులు ముంచితే గాని ముట్టలేం.
ఆ బూడిద గిన్నె
మూలన పడి దొరికిన రాతి గిన్నె,
బాప్తిస్మానిది.
మా ఆయన నుదుటి మీద నీళ్లు చల్లింది దానిలోంచే.
మొదటిరోజు ముంచలేకపోయాను.
"ముంచే, నూనెకి దేవుడు తెలుస్తాడేటి?"
అంది పక్కన కూచున్న దాలమ్మ.
సాయంత్రానికి వేళ్లు బొబ్బలు.
రెండోరోజు ముంచాను.

ముప్పయ్యొక్క ఏళ్లు
గోడలు పొగ తాగాయి, నూనె తాగాయి.
ఎదురుగా కొత్త సిమెంటు గుడి
తలుపులు చెదలు తినేశాయి, రెండుసార్లు మార్చారు.
దీని జోలికి చీమ కూడా రాలేదు.
గోరుతో గీకితే ఇప్పటికీ
పలకల అంచున బుడ్డయ్య ఉలితో కొట్టిన అంకెలు కనిపిస్తాయి,
పద్దెనిమిది తరవాత ఇరవై.
పందొమ్మిది ఏమయిందో ఎవరూ చెప్పలేరు.

తిత్లీ రేత్రి
కొబ్బరిచెట్లు విరిగాయి, జీడితోటలు పడుకున్నాయి.
కర్రగుడి రేకులన్నీ ఎగిరి
రైలు కట్ట మీద పడ్డాయి.
తెల్లారి వెళ్లి చూస్తే
గోడలు నిలబడే ఉన్నాయి,
పట్టా ముక్క వానకి కడుక్కుని ఊగుతోంది.
కామేశం కొడుకు అటూ ఇటూ చూసి
ఇంక మిషన్లే నయమన్నాడు.
మా లెక్కలు తేల్చి పంపేశాడు.

పోయిన నెల విశాఖపట్నం నుంచి
ఎవరో కారులో వచ్చారు, రిసార్టుకి కర్ర కావాలట.
నన్నే తాళం తీయమన్నారు.
అతను గోడని నిమిరాడు,
ఆవు వీపు నిమిరినట్టు, రెండు చేతులతో.
యాంటిక్ అన్నాడు. ఘనపుటడుగు ఎంతన్నాడు.
చెంప కూడా ఆనించి వాసన చూశాడు.

మర్నాడు ఫోను. మొహమంతా వాచిందట,
బేరం వద్దట.

నేను ముందే చెప్పాల్సింది.
రాతి గిన్నె నా కాళ్ల దగ్గరే ఉంది,
అడుగున ఇంకా గుప్పెడు బూడిద ఉంది.
అతను అడగలేదు.
నేనివ్వలేదు.